విరగని కాలు

పోయిన నెల ఒకాయన దహనానికి వెళ్లాను. డెబ్భై దాటిన మనిషి. గుండె ఆగి పోయాడు. కట్టెలు పేరుస్తున్నంతసేపూ ఆయనతో పనిచేసిన పాత గుమాస్తాలు, బంధువులు ఒక పక్కగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకరు, "వయసుల ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ మస్తు ఆడుతుండెనట. పోలీస్ యాక్షన్ ముంగట లారీ మీదికెళ్లి పడ్డడు. కాలు ఇరిగింది, ఆట బంద్ అయింది" అన్నారు. మిగతావాళ్లు తలూపారు. నేనూ ఊపాను.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ తల ఊపడం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పుస్తకం పట్టుకుంటే నాలుగు పేజీలు తిరగవు. ఆయన లారీ మీది నుంచి పడింది నిజం. కాలు విరిగిందీ నిజమే. ఆ కాలు అతుక్కుంది, బాగానే అతుక్కుంది. ఆట పోయింది ఆ కాలు వల్ల కాదు. ఈ సంగతి తెలిసినవాళ్లం అయిదుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను.

ఫిజియోథెరపీ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "యంత్రాలు లేని రోజుల్లో ఎట్లా చేసేవాళ్లు సార్?" అని అడుగుతారు. చేతులతో, ఒక టేపుతో చేసేవాళ్లమని చెబుతాను. వాళ్లు గౌరవంగా చూస్తారు. ఆ చూపు పడినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. వాళ్లు వచ్చినప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న గుంటూరు జిల్లా నుంచి బడిపంతులుగా వచ్చి సీతాఫల్‌మండిలో ఉండిపోయాడు. నేను మెట్రిక్ అయ్యాక సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. రిజిస్టరులో నా హోదా డ్రెస్సర్. కట్లు కట్టడం, పిండికట్టు కోయడం, ఆ తర్వాత కాళ్లూ చేతులూ వంచి ఆడించడం నా పని. వ్యాయామాల గది మాత్రం ఉస్తాద్‌ది. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి, అరవై దగ్గర పడ్డా మెడ వంగలేదు. అసలు పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు ఎవరూ లేరు. మా ఇద్దరి మీదా డాక్టరమ్మ. బందరు నుంచి వచ్చిన ఆమె, తక్కువ మాట్లాడేది, తప్పు చేస్తే ఇంకా తక్కువ మాట్లాడేది.

నలభై ఎనిమిదిలో, పోలీస్ చర్యకు ముందు వానాకాలంలో, ఇప్పుడు పోయిన ఆ మనిషిని తెచ్చారు. అప్పటికి ఇరవై రెండేళ్లు, ద్వారబంధం తలకు తగిలేంత పొడుగు. బోయిగూడలో పక్కింటివాళ్లు గొడవలకు భయపడి నేరేడ్‌మెట్‌లో చుట్టాల ఇంటికి సామాను మారుస్తుంటే, సాయానికి లారీ ఎక్కాడట. మలుపులో పెట్టెతో సహా కింద పడ్డాడు. కుడి తొడ ఎముక విరిగింది. వెంట వచ్చింది వాళ్ల అక్క. తండ్రి లేని ఇల్లు. ఆమె మిషను మీద బట్టలు కుట్టి తమ్ముణ్ని పెంచింది. అతను ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా. బల్ల దగ్గర కూర్చున్నది తక్కువ. దఫ్తరు బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడతాడని ఆ నౌకరీ ఇచ్చారు.

"తమ్మీ, వానికి ఆట తప్ప ఇంకోటి రాదు," అంది ఆమె నాతో. "చదువు గూడ అంతంతే. జెర మంచిగ చూడుండ్రి."

"ఏందక్కా, నా ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నాడు అతను, నొప్పికి పళ్లు బిగించుకుని. "లెక్కలు సుత వస్తయ్ నాకు."

సరిహద్దులు మూసేయడంతో బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయి అప్పటికి నెలలైంది. పిండికట్టు పొడి లేదు. ఉన్నవాటితోనే పని నడిపించాం. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. పాదానికి పట్టీ కట్టి, తాడును గిలక మీదుగా వేసి, చివర ఇసుక సంచీ వేలాడదీశాం. సంచీ బరువు కాలును లాగి పడితే, ఎముక తిన్నగా అతుకుతుంది. మూడు నెలలు కదలకుండా అట్లా పడుకోవాలి.

కదలకుండా ఉండటం అతని వల్ల అయ్యేది కాదు. కట్టు గుడ్డను ఉండలా చుట్టి ఎదురుగా ఉన్న, చేతులు కడిగే చిలుంచీలోకి విసిరేవాడు. పడుకునే, తల తిప్పకుండా, ఇరవైకి ఇరవై. పక్క మంచాలవాళ్లు లెక్క పెట్టేవారు. డాక్టరమ్మ ఒకసారి గుమ్మంలో నిలబడి అది చూసి తన పని మీద వెళ్లిపోయింది. మేం అందరం ఆ చేతులను చూసి అతనికేం కాలేదనుకున్నాం.

ఆ మూడు నెలల మధ్యలోనే రాజ్యం మారింది. సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజు, నడవగలిగిన రోగులంతా రోడ్డు మీదికి పోయారు. వార్డులో అతనొక్కడూ మిగిలాడు. నేను గుమ్మంలో నిలబడి లోపలికీ బయటికీ చూస్తున్నాను.

"అన్నా, ఎవరొచ్చిండ్రు, ఎవరు పోయిండ్రు నాకు చెప్పకు," అన్నాడు. "గీ సంచీ ఎప్పుడు దించుతరో గది చెప్పు."

ఉస్తాద్ ఆ రోజు తన గది నుంచి బయటికి రాలేదు. ఉతికిన దుప్పట్లు మడతలు పెడుతూ కూర్చున్నాడు. నేను వెళ్లేసరికి మడతపెట్టినవే విప్పి మళ్లీ పెడుతున్నాడు. ఆయన తమ్ముడి కుటుంబం దూరపు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఉండేది. అక్కణ్నుంచి ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు.

సంచీ దించాక అసలు పని మొదలైంది. ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పనిచేయని కండ కరిగిపోతుంది. ఎంత కరిగిందో, ఎంత తిరిగి వచ్చిందో తెలుసుకోవడానికి మోకాలి చిప్ప పై అంచు నుంచి ఆరు అంగుళాలు పైకి కొలిచి, సిరాతో గుర్తు పెట్టి, అక్కడ తొడ చుట్టూ టేపు వేస్తాం. రెండు కాళ్లకూ వేస్తాం. విరిగిన కాలు కొలత రెండో కాలు కొలతను అందుకున్న రోజు, కాలు బాగైందని లెక్క. డాక్టరమ్మ బీరువాలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం కూడా అదే చెప్పింది. ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. ఆసుపత్రిలో ఇంకెవరూ పూర్తిగా చదవలేదన్న గర్వం నాకు ఉండేది.

మొదటిరోజు కుడి తొడ పదిహేను అంగుళాలు, ఎడమది పదిహేడు. గోడకు ఒక కాగితం అంటించి ప్రతి సోమవారం రాసేవాణ్ని. పదిహేనున్నర, పదిహేనూ ముప్పావు. అతను ఇంటి నుంచి చంకకర్రల మీద వచ్చి ముందు ఆ కాగితం చూసేవాడు, తర్వాత నన్ను పలకరించేవాడు.

"ఈ వారం పావే పెరిగిందా? ఏందన్నా, టేపు గట్టిగ గుంజినవా?"

"వదులుగా పెడితే నీ కండ పెరుగుతుందా?"

"కాగితం మీదనన్న పెరుగుతది గద. మా అక్క ఖుష్ అయితది."

చలికాలం చివర్లో, తన తమ్ముణ్ని ఎవరో వేరే ఊళ్లో, గొడవల్లో ఇళ్లు వదిలినవాళ్ల శిబిరంలో చూశారని ఉస్తాద్‌కు కబురు వచ్చింది. సెలవు పెట్టి బయల్దేరాడు. వెళ్లేముందు గది తాళం నా చేతిలో పెట్టాడు.

"బేటా, ఈ పొడుగోణ్ని జల్దీ పంపకు. ఒక్కొక్క కాలు మీద కూసొని లేవాలె. పది సార్లు. చెయ్యి దేన్నీ పట్టొద్దు. అప్పుడు ఇడిసిపెట్టు."

"నేను చూసుకుంటా ఉస్తాద్. మీరు పరేషాన్ కావద్దు."

"పరేషానీ నాకు వేరే ఉన్నది," అన్నాడు ఆయన. వెళ్లిపోయాడు.

ఎండాకాలం మొదట్లో అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. నిజంగానే పరుగు, కొద్దిగా కుంటుతూ. చేతిలో కాగితం. దఫ్తరుకు కొత్త అధికారి వచ్చాడు. పాత సర్కారులో ఆట మీద ఇచ్చిన నౌకరీలన్నీ ఆయన మళ్లీ చూస్తున్నాడు. వానలకు ముందు దఫ్తర్ల మధ్య పోటీలు ఉన్నాయి. వాటిలో ఆడి చూపించినవాడి నౌకరీ ఖాయం, ఆడలేనివాడిది రద్దు. ఆడబోయేవాళ్లు ఆసుపత్రి నుంచి ఒంట్లో బాగుందని కాగితం తేవాలి.

"ఎన్ని దినాలున్నయ్?" అని అడిగాను.

"అయిదు వారాలు. అయితది గద అన్నా?"

నేను గోడ మీది కాగితం చూశాను. కుడిది పదహారున్నర, ఎడమది పదిహేడు. అర అంగుళం. "అవుతుంది," అన్నాను.

నాకు ఇప్పటికీ ఆ మాట వినపడుతుంది. ఎంత తేలిగ్గా అన్నానో!

అయిదు వారాలు గట్టిగా పనిచేయించాను. కుడి కాలికి ఇసుక సంచీ కట్టి ఎత్తించడం, మెట్లు కుడి కాలితో ఎక్కించడం, కుడి కాలు మీద నిలబెట్టడం. ఉస్తాద్ చెప్పిన పరీక్ష కూడా పెట్టాను. కుడి కాలు మీద కూర్చుని లేచాడు, పది సార్లు, చెయ్యి దేనికీ ఆనించకుండా. పదోసారి లేచి అరిచాడు. వార్డులోవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎడమ కాలు మీద చేయించలేదు. అది విరగలేదు కదా, దానికి పరీక్ష ఎందుకు అనుకున్నాను. అసలు అట్లా అనుకున్నానో లేదో కూడా చెప్పలేను. ఆ కాలు నా తలలోకే రాలేదు.

చివరి సోమవారానికి రెండు కాళ్లూ పదిహేడు వచ్చాయి. రెండుసార్లు కొలిచాను. అదే రోజు వాళ్లక్క వచ్చింది. పాత నిక్కరు కొలతలకే కొత్త నిక్కరు కుట్టి తెచ్చి తొడిగించి చూస్తోంది.

"తమ్మీ, గిది జెర చూడు. వదులైతున్నది."

"కుడివైపు ఇంకా కొంచెం ఉంటుందక్కా. పెరుగుతుంది."

"ఒక్క దిక్కు గాదు. రెండు దిక్కులా వదులున్నది. నేనే కుట్టిన గద, నాకు తెల్వదా?"

నేను నవ్వాను. "మూడు నెలలు దవాఖాన తిండి తిన్నాడు గదా అక్కా. ఇంట్లో నువ్వు ఇంకొంచెం పెట్టు."

ఆమె రెండు వైపులా గుండుసూదులు పెట్టుకుని, లోపలికి మడిచి కుట్టి ఇచ్చింది. ఆమె అన్నదే అసలు సంగతి. మూడు నెలలు మంచం మీద ఉన్నప్పుడు ఎడమ కాలూ పనిచేయలేదు. అదీ కరిగింది. మేం మొదటిసారి టేపు వేసేనాటికే అది సగం కాలు. ఆ సగం కాలును పట్టుకుని నిండు కాలుగా లెక్కవేసి, విరిగినదాన్ని దాని స్థాయికి తెచ్చి సంబరపడ్డాను. పడ్డనాడే రెండూ కొలిచి ఉంటే తెలిసేది. నిక్కరు కుట్టిన ఆమె పాత కొలత మరిచిపోలేదు. నా దగ్గర మరిచిపోవడానికి కూడా పాత కొలత లేదు.

డాక్టరమ్మ నా కాగితం చూసింది. "నువ్వు కొలిచావా?" అంది. "కొలిచాను అమ్మగారూ" అన్నాను. సంతకం పెట్టింది.

ఆట ఒక బడి ఆవరణలో. మొరం చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. సాయంత్రం నాలుగు. నేను సెలవు అడిగి వెళ్లాను. అతని కాలితో పది నెలలు గడిపాను కాని, బాస్కెట్‌బాల్ ఆట అదే మొదటిసారి చూడటం. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆటకు ముందు అందరూ వరసగా ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. ఒక్కొక్కడూ బంతితో పరుగెత్తుకొచ్చి, రింగు దగ్గర ఎగిరి, కుడి చేత్తో బంతిని రింగు వెనకున్న పలక మీదికి తోస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ కాళ్లు చూస్తున్నాను. మొదటివాడు ఎడమ కాలు మీద లేచాడు. రెండోవాడూ ఎడమ కాలే. మూడోవాడూ అంతే. నాలుగోవాణ్ని చూడటానికి గీత దాకా వెళ్లాను. అయిదోవాడు అతను. ఎడమ కాలు నేలకు కొట్టి లేచాడు.

అందర్నీ దాటి అతని దగ్గరికి వెళ్లాను.

"నువ్వు ఎగిరేది ఎడమ కాలు మీదనా?"

"మరి? కుడి చేతివాడు ఎడమ కాలు మీదనే లేస్తడు." నవ్వాడు. "ఏందన్నా, ఇన్ని దినాల సంది నా కాలు వట్కొని గిది సుత తెల్వదా నీకు?"

పక్కనున్న ఆటగాళ్లు నవ్వారు.

"ఆ కాలు జాగ్రత్త."

"గది ఇర్గలే అన్నా. ఇర్గింది గిది." కుడి తొడ మీద చరుచుకున్నాడు. "మరిచినవా?"

"ఇవాళ సగం ఆడి కూర్చో. నా మాట విను."

"సగం ఆడితే ఆయన సగం నౌకరీ ఇస్తడా?" మళ్లీ అందరూ నవ్వారు. అతను మాత్రం నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఏమైంది? కాగితం మీద బాగున్నదని రాసిచ్చినవ్ గద?"

"రాశాను."

"మరి?"

ఈల వేశారు. అతను వెళ్లాడు.

అధికారి కూర్చున్న బల్ల నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. వెళ్లి, అయ్యా, కొలతలో తప్పు చేశాను, ఇతన్ని ఆడించకండి అని చెప్పవచ్చు. చెబితే ఆ క్షణమే అతని నౌకరీ రద్దు. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాదేమో అన్న ఆశ ఒకటీ, నా కాగితం తప్పని నలుగురికీ తెలుస్తుందన్న భయం ఒకటీ. వీటిలో ఏది ఎక్కువ అని ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ ఇరవై అడుగులు నేను నడవలేదు.

మొదటి సగం బాగా ఆడాడు. అంతకు ముందు అతని ఆట చూసినవాళ్లు, పాత ఎత్తు లేదుగాని చెయ్యి అదే అన్నారు. నేను కూర్చోలేకపోయాను. గీత చుట్టూ నడుస్తూ, అతను లేచినప్పుడల్లా ఆగుతూ, దిగాక మళ్లీ నడుస్తూ ఉన్నాను. బల్ల దగ్గర ఎవరో, "ఎవరండీ ఆయన, అట్లా తిరుగుతాడు?" అని అడగడం వినపడింది.

రెండో సగంలో బంతి అందుకుని ఒంటరిగా పరుగెత్తాడు. ఎదుట ఎవరూ లేరు. ఎవరూ తాకలేదు. ఎడమ కాలు నేలకు కొట్టాడు, లేవలేదు. కాలు కిందే ఉండి మనిషి ముందుకు పోయాడు. కుడి కాలు మీద నిలబడబోయి పక్కకు పడ్డాడు.

నేను వెళ్లేసరికి కూర్చుని ఎడమ మోకాలి వైపు చూస్తున్నాడు. చిప్ప ఉండాల్సిన చోట లేదు, రెండు వేళ్లు పైకి జరిగింది. చిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తెగింది.

"అన్నా," అన్నాడు, "కాలు సాపుదామంటే వస్తలేదు."

డాక్టరమ్మ ఆ సాయంత్రమే కోసి కుట్టింది. మర్నాడు అతని మంచం పక్కన కూర్చున్నప్పుడు అడిగాను, ముందేమైనా నొప్పి ఉండేదా అని.

"చిప్ప కింద నెల సంది ఉన్నది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కుడి కాలునే అడిగినవ్ అన్నా. గది మంచిగనే ఉండె."

ఆ వారంలోనే ఉస్తాద్ తిరిగి వచ్చాడు. తమ్ముడు దొరకలేదు. శిబిరంలో చూసింది అదే పేరున్న వేరే మనిషినట. మేం అడిగితే అంతే చెప్పాడు, ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వార్డుకు వచ్చి దుప్పటి తీసి అతని ఎడమ తొడ మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఈ కాలు మీద కూసొని లేచిండా?" అని నన్ను అడిగాడు.

"లేదు ఉస్తాద్. చేయించలేదు."

తిడతాడనుకున్నాను. దుప్పటి కప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

పది రోజులకు దఫ్తరు నుంచి ఉత్తరం వచ్చింది. ఒంట్లో బాగుందని కాగితం తెచ్చిన మనిషి ఒక గంటలో ఎట్లా పడిపోయాడని అధికారికి అనుమానం. పాత దెబ్బ దాచి పంపారా, లేక ఆటలోనే కొత్తగా తగిలిందా తేల్చాలి. ఆటలో తగిలితే అది పనిలో తగిలిన దెబ్బ కింద లెక్క, గుమాస్తా నౌకరీ ఉంటుంది. బాగాలేనివాణ్ని బాగున్నాడని పంపినట్టు తేలితే నియామకం రద్దు. కొలిచిన మనిషి వచ్చి చెప్పాలి.

నేను చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాను. అప్పటికి పది రోజులుగా సరిగా తినడం లేదు. తప్పు చేశానని ఒక్కరి ముందన్నా అంటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అనిపించేది. డాక్టరమ్మకు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ ఏం చెబుతావో నాకు ముందుగా చెప్పకు. సంతకం నాది. నువ్వు ఏది చెప్పినా నేను కాదనను."

వాళ్లక్కకు ఎట్లా తెలిసిందో తెలియదు. ఆసుపత్రి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది.

"రేపు పోతున్నవట."

"అవునక్కా. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తప్పు నాది, అతనిది కాదు."

"తప్పు నీది. ఒప్పుకున్న. నీ మనసుల బరువున్నది, గదీ తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు ఆ బరువు తీస్కపోయి ఆయన బల్ల మీద పెడ్తవ్. ఆయన కలం తీసి మా తమ్ముని పేరు కొట్టేస్తడు. నీకు తేలికైతది తమ్మీ. మాకు?"

ఆమె గేటు ఊచ పట్టుకుని ఇంకో మాట అంది.

"వాడు ఇంక ఆడడు. డాక్టరమ్మ నాకు చెప్పింది, వానికి చెప్పలే. కూసొని రాసుకునే నౌకరీ ఒక్కటి మిగిలింది. గది సుత తీసేస్తవా?"

మర్నాడు వెళ్లాను. అధికారి బెజవాడ వైపు మనిషి. మర్యాదగా కూర్చోమన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని అడిగాడు.

"దాపరికం లేకుండా చెప్పండి. మీరు కాగితం ఇచ్చిననాటికి అతని కాలు బాగుందా?"

"మేం రెండు కాళ్లూ కొలుస్తాం సార్. ఆ రోజు రెండూ సమానంగా ఉన్నాయి."

"తేడా ఏమీ లేదు?"

"లేదు సార్. రెండుసార్లు కొలిచాను."

"మరి ఈ దెబ్బ?"

"అది విరగని కాలు సార్. ఆటలో తగిలింది."

ఆయన రాసుకున్నాడు. నేను అన్న ప్రతి మాటా నిజం. మీలో ఎవరైనా ఆ గదిలో ఉండి ఉంటే ఒక్క మాటను కూడా అబద్ధమని పట్టుకోలేకపోయేవారు. ఆయన నాకు కృతజ్ఞతలు చెప్పాడు. మెట్లు దిగి బయటికి వచ్చాను. తేలిక మాత్రం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

నేరుగా వార్డుకు వెళ్లాను. అతను గోడకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ కాలు పిండికట్టులో ఉంది. ఈసారి పొడి దొరికింది, రైళ్లు సరిగా నడుస్తున్నాయి.

"ఏం చెప్పినవ్?"

ఏం అడిగారో, ఏం చెప్పానో మాట మాట చెప్పాను. నౌకరీకి ఏమీ కాదన్నాను. అతను సంతోషించలేదు. కోపమూ రాలేదు. తల అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"నౌకరీ ముచ్చట అక్కకు చెప్పు. ఆమె పరేషాన్ అయితున్నది." పిండికట్టు మీద చెయ్యి వేశాడు. "నాకు ఒక్కటే చెప్పు. మళ్ల ఎప్పుడు ఆడుత? పోయినసారి పది నెలలు పట్టింది. ఈసారి ఎన్ని?"

ఎన్నో ఒకటి చెప్పడానికి నోరు తెరిచాను. అంకె చెప్పడం నాకు అలవాటు. గోడ మీది పాత కాగితం ఇంకా ఎవరూ తీయలేదు.

"తెలియదు," అన్నాను. "ఆడతావో లేదో కూడా నాకు తెలియదు."

అతను ఆ కాగితం వైపు చూశాడు.

"గీ మాట నీకు ముందుగాల్నే వచ్చుంటే బాగుండె అన్నా," అన్నాడు. దిండు సర్దుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.